కిటికీ సీటు... నాలుగు దేశాలు!

టూర్ ప్యాకేజీ లేదు, గైడ్ లేడు, వెంట జట్టూ లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలెక్కి, ఆల్ప్స్ దాటి, వెనిస్ చూసుకుని వియన్నాలో దిగాలి. ఈ వేసవిలో ఒక్కరే అలా వెళ్లి రావాలనుకుంటే ఏర్పాట్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

యూరప్ రైలు పాస్‌ను ప్రపంచమంతటా స్వేచ్ఛ పేరు చెప్పి అమ్ముతారు. భుజాన సంచి, జేబులో పాస్, పొద్దున్నే స్టేషన్‌కు వెళ్లి ‘ఇవాళ ఏ ఊరు?’ అని బోర్డు చూసి తేల్చుకోవడం... 1959లో బయటి దేశాలవాళ్ల కోసం యూరైల్, 1972లో అక్కడి కుర్రకారు కోసం ఇంటర్‌రైల్ పాస్‌లు వచ్చినప్పటి నుంచీ ఇదే బొమ్మ చలామణిలో ఉంది. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు అది ఇప్పటికీ నిజమే. మనకు మాత్రం సగమే నిజం. షెంజెన్ వీసా ఇవ్వాలంటే ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటారో నెలల ముందే కాగితాలతో చూపించమంటారు. బోర్డు చూసి ఊరు ఎంచుకునే సరదా అక్కడే పోయింది.

అంతమాత్రాన గంటగంటకూ పట్టీ వేసుకోనక్కర్లేదు. రాత్రులు బిగించి, పగళ్లు వదిలేయాలి. బస చేసే ఊళ్లు నాలుగైదే పెట్టుకుని వాటి తేదీలు కదలకుండా చూసుకోవాలి. వాటి మధ్య ఏ రైలు ఎక్కాలి, దారిలో ఎక్కడ దిగాలి అన్నది ఆ రోజు వాతావరణానికీ, కాళ్ల ఓపికకూ వదిలేయవచ్చు. పన్నెండు రోజుల్లో పది నగరాలు చూపించే ప్యాకేజీల పట్టీని ముందు పెట్టుకుని ఒంటరి ప్రయాణానికి లెక్కలు వేసేవాళ్లున్నారు. బస్సు హోటల్ గుమ్మం ముందే ఆగుతుంది కాబట్టి ప్యాకేజీలో వెళ్లేవాళ్లకది చెల్లింది. మీ పెట్టె మీరే మోసుకుంటూ మెట్లెక్కితే నాలుగో ఊరికే తెలిసొస్తుంది.

మే నెలా, జూనా?

మన వేసవి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో. అక్కడి అసలు వేసవి జూన్ నుంచి ఆగస్టు దాకా. ఈ తేడాను పట్టించుకోకుండా మే మొదటి వారానికి టికెట్లు కొనేస్తే ఆల్ప్స్‌లో చిక్కొస్తుంది. చలికాలపు స్కీయింగ్ అయిపోయాక, వేసవి రద్దీ మొదలయ్యేలోపు కొండల మీది కేబుల్ కార్లను చాలాచోట్ల మరమ్మతుల కోసం ఆపేస్తారు. ఎక్కాలనుకున్నది ఆ రోజు నడుస్తోందో లేదో ముందే చూసుకోవాలి. మేలో మరో ఇబ్బంది సెలవులు. మేడే, అసెన్షన్, పెంటెకోస్ట్ వరసగా వచ్చి వారాంతాలకు తోడైతే జర్మనీ, ఆస్ట్రియా రైళ్లు కిక్కిరిసిపోతాయి.

జులై, ఆగస్టుల్లో ఇటలీ ఎండ మన రెంటచింతలను గుర్తుచేయడానికి పెద్దగా మొహమాటపడదు. పైగా అక్కడి పాత భవనాల్లో ఏసీ ఉంటుందన్న భరోసా లేదు. నన్నడిగితే జూన్ మొదటి సగం మేలంటాను. రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురు ఉంటుంది. ఒంటరిగా కొత్త ఊళ్లో దిగేవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఆ వెలుతురు చాలా ధైర్యం.

వీసా లెక్క రాత్రులతోనే

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, 15 రోజుల ముందు దాటకూడదు. నిబంధన అలా ఉంది కదా అని చివరి దాకా ఆగేరు. వేసవి ముందు అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం, అందుకే జూన్ ప్రయాణానికి జనవరి, ఫిబ్రవరిల్లోనే కదలాలి. పెద్దల రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. విమానం దిగేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాబట్టి జర్మనీకే అనుకుంటారు. చూడాల్సింది ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటున్నారన్నది. స్విట్జర్లాండ్‌లో ఐదు రాత్రులు, మిగతా దేశాల్లో అంతకంటే తక్కువ ఉంటే స్విట్జర్లాండ్‌కే పెట్టాలి. రోజులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. హోటళ్లను ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవి చూసి బుక్ చేసుకుంటే వీసా రాకపోయినా డబ్బు పోదు. ఒంటరిగా వెళ్లేవాళ్ల దరఖాస్తులో తిరిగొస్తారన్న నమ్మకం కలిగించే కాగితాలకు బరువెక్కువ: ఉద్యోగముంటే సెలవు మంజూరు పత్రం, లేదంటే పింఛను, ఆస్తి, ఇంటి బాధ్యతల వివరాలు.

షెంజెన్‌లో ఇప్పుడు 29 దేశాలున్నాయి. బ్రిటన్, ఐర్లాండ్ అందులో లేవు. లండన్ కూడా కలుపుదామనుకుంటే అది వేరే వీసా, వేరే ఖర్చు. ఈసారికి వదిలేయండి.

పాస్ కొనాలా, వద్దా?

యూరైల్ గ్లోబల్ పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది. నెలలో ఏవైనా 4, 5 లేదా 7 రోజులు రైలెక్కే రకాలున్నాయి, రోజూ ఎక్కే రకాలూ ఉన్నాయి. 28 ఏళ్లు నిండనివాళ్లకు నాలుగో వంతు, అరవై దాటినవాళ్లకు పదో వంతు తగ్గింపు. రిటైరయ్యాక బయల్దేరే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఈ రెండో మాట గుర్తుంచుకోవాలి.

మన రైళ్లకు అలవాటుపడిన బుర్రకు ఇక్కడో విషయం కొత్తగా ఉంటుంది. వెయిటింగ్ లిస్టు లేదు, ఆర్‌ఏసీ లేదు, చార్టు లేదు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలా రైళ్లకు టికెట్టు వేరు, సీటు వేరు. పాస్ ఉంటే వచ్చిన రైలెక్కి ఖాళీ ఉన్నచోట కూర్చోవచ్చు. ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ హైస్పీడ్ రైళ్లలో అలా కుదరదు. పాస్ ఉన్నా విడిగా డబ్బు కట్టి సీటు రిజర్వు చేసుకోవాలి. ఇటలీలో ఇటాలో అనే ప్రైవేటు రైళ్లకైతే పాసే చెల్లదు.

కాబట్టి పాస్ కొనేముందు కాగితం మీద కూడిక వేయాల్సిందే. జర్మనీ, ఆస్ట్రియా రైల్వేల చౌక టికెట్లు నెలల ముందే అమ్మకానికొస్తాయి. ఫలానా తేదీ, ఫలానా రైలు అని తేలిపోయిన దూర ప్రయాణాలకు వాటితో పోలిస్తే పాస్ తరచూ ఓడిపోతుంది. అదే స్విట్జర్లాండ్‌లో రోజంతా ఎక్కుతూ దిగుతూ తిరిగే రోజుకు పాస్ గెలుస్తుంది. ఆ దేశంలోనే ఎక్కువ రోజులుంటే స్విస్ ట్రావెల్ పాస్ ఇంకా నయం. అందులో రైళ్లతో పాటు బస్సులు, సరస్సు పడవలు, వందలాది మ్యూజియాలు కలిసొస్తాయి.

గంట కొట్టినట్టు నడిచే దేశం

శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది. అక్కడి విమానాశ్రయంలోనే దూరప్రాంత రైళ్ల స్టేషన్ ఉంది. సామాను తీసుకుని నడిచి వెళ్లి స్విట్జర్లాండ్ సరిహద్దులోని బాసెల్‌కు రైలెక్కవచ్చు. జర్మన్ రైలంటే నిమిషం తేడా రాదనుకుంటే అది పాత కథ. 2024లో ఆ దేశపు దూరప్రాంత రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతమే. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలోంచి తీసేశాక మిగిలిన అంకె ఇది! బాగా ఆలస్యమైన జర్మన్ రైళ్లను స్విస్ రైల్వే తమ టైంటేబుల్ చెడిపోకుండా బాసెల్‌లోనే ఆపేస్తుంది. మరో సంగతి, పట్టాల పనులకు వేసవిని ఎంచుకోవడం అక్కడ మామూలే. ఫ్రాంక్‌ఫర్ట్, మాన్‌హైమ్ మధ్య ప్రధాన మార్గాన్ని 2024 జులై మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా పూర్తిగా మూసేశారు. టికెట్టు కొనే రోజు ఒకసారి, బయల్దేరే వారం మరోసారి మార్గం తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. విమానం దిగిన రోజున రైళ్ల మార్పిడికి గంటైనా వ్యవధి పెట్టుకోవాలి.

బాసెల్ దాటాక లెక్క మారుతుంది. 1982 నుంచి స్విట్జర్లాండ్ అంతటా ఒకే పద్ధతి: ప్రతి మార్గంలో కనీసం గంటకో రైలు, ప్రతి గంటా అదే నిమిషానికి. పెద్ద జంక్షన్లలో అన్ని దిక్కుల రైళ్లూ గంట కొట్టే ముందు వచ్చి చేరతాయి, జనం అటూ ఇటూ మారాక ఒక్కొక్కటే కదులుతాయి. ముహూర్తానికి ఇరుపక్షాల వాళ్లూ పందిట్లో కలిసినట్టు ఉంటుందా దృశ్యం. ఇందుకోసం కొన్నిచోట్ల పట్టాలే మార్చారు. జ్యూరిక్, బెర్న్ మధ్య ప్రయాణం గంట లోపే పూర్తి కావాలని కొత్త మార్గం వేసి 2004లో తెరిచారు. రైళ్లను వేగంగా నడపడం వాళ్లకు ముఖ్యం కాదు, కలిపే సమయానికి చేరితే చాలు. ఒంటరి ప్రయాణికుడికి దీనివల్ల పెద్ద నిశ్చింత. ఒక రైలు తప్పినా గంటలో, చాలాచోట్ల అరగంటలోనే, మరొకటి ఉంటుంది.

మొదటి మజిలీకి లూజర్న్ మంచిది. ఎదురుగా సరస్సు, చుట్టూ కొండలు, కొండలెక్కే రైళ్లు. 1871లో మొదలైన రిగీ రైలు యూరప్‌లోనే మొదటి కొండ రైలు. పిలాటస్ కొండకు 1889 నుంచి నడుస్తున్నది ప్రపంచంలోనే అత్యంత ఏటవాలు పళ్లచక్రాల రైలు. వంద మీటర్లకు 48 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది, చలికాలంలో ఆగిపోతుంది. మబ్బు పట్టిన రోజున ఈ రెండూ దండగ. మూడు రాత్రులు ఉంటే ఆకాశం తేటగా ఉన్న రోజు చూసుకుని కొండెక్కవచ్చు.

బెర్నినా: ఖరీదు లేని వైభవం

ఈ ప్రయాణానికి వెన్నెముక స్విట్జర్లాండ్‌లోని కూర్ నుంచి ఇటలీలోని తిరానో దాకా సాగే మీటర్‌గేజ్ మార్గం. 55 సొరంగాలు, 196 వంతెనలు. అరకు రైల్లో సొరంగాలు లెక్కపెట్టి అలసినవాళ్లు ఇక్కడ లెక్క మొదలుపెట్టకపోవడమే మంచిది. 65 మీటర్ల ఎత్తున్న లాండ్‌వాసర్ వంతెన వంపు తిరిగి, నేరుగా కొండచరియలోని సొరంగంలోకి దూరిపోతుంది. కూర్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోవాలి.

ఇక్కడే పర్యాటకులు ఎక్కువ డబ్బు పెట్టేది. బెర్నినా ఎక్స్‌ప్రెస్ పేరుతో పైదాకా అద్దాలున్న రైలు నడుస్తుంది, దానికి సీటు రిజర్వేషన్ రుసుము విడిగా కట్టాలి. అవే పట్టాల మీద, అవే వంతెనల మీదుగా మామూలు స్థానిక రైళ్లూ గంటగంటకూ తిరుగుతాయి. పాస్ చాలు, రిజర్వేషన్ అక్కర్లేదు. చాలా బోగీల్లో కిటికీ తెరుచుకుంటుంది కాబట్టి ఫొటోల్లో అద్దం మెరుపు పడదు. దారిలో దిగిపోవచ్చు కూడా. 2,253 మీటర్ల ఎత్తున ఓస్పిజియో బెర్నినా దాటాక ఆల్ప్ గ్రూమ్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. ఎదురుగా పాలూ హిమానీనదం. దిగి, కాఫీ తాగి, తర్వాతి రైలు ఎక్కండి. ఆ గంటకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ కాగితంలోనూ రాయనక్కర్లేదు. అక్కడి నుంచి రైలు మలుపుల మీద మలుపులు తిరుగుతూ, బ్రూసియోలో గుండ్రటి వంతెన మీద తన చుట్టూ తానే తిరిగి, 429 మీటర్ల ఎత్తులోని తిరానోకు దిగుతుంది. మంచు అంచు నుంచి ద్రాక్షతోటల దాకా పళ్లచక్రం లేకుండా మామూలు పట్టాల మీదే వస్తుంది. 1910లో పూర్తయిన ఈ మార్గానికి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

తిరానో నుంచి కోమో సరస్సు ఒడ్డున మిలాన్‌కు స్థానిక రైలుంది. మిలాన్‌లో ఒక రాత్రి చాలు. ఇటలీలో సమ్మెలు తరచూ జరుగుతాయి. తేదీలు ముందే ప్రకటిస్తారు. సమ్మె రోజుల్లో కూడా పనిదినాలైతే ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది గంటల మధ్య స్థానిక రైళ్లను తప్పనిసరిగా నడపాలన్న నియమం ఉంది.

పెట్టె, పచ్చడి, పడక

ఒంటరి ప్రయాణంలో అందరికీ ఎదురయ్యే, ఎవరూ రాయని సమస్య: బాత్రూమ్‌కు వెళ్తే పెట్టె ఎవరు చూస్తారు? మన రైళ్లలో బెర్తు కింద గొలుసు వేసే అలవాటు అక్కడా పనికొస్తుంది, లగేజీ ర్యాక్ కడ్డీకి సన్నని తాళం వేయండి. పాస్‌పోర్టు, కార్డులు ఒంటి మీదే ఉండాలి. మిలాన్ సెంట్రల్ లాంటి పెద్ద స్టేషన్లలో జేబుదొంగలకు కొదవలేదు. టికెట్ మెషీన్ దగ్గర అడక్కుండానే సాయానికి వచ్చేవాళ్లకు మర్యాదగా దూరం జరగడం మేలు. పెట్టె మీరొక్కరే తలపైకి ఎత్తగలిగినంత బరువే ఉండాలి. మన ఎర్రచొక్కా కూలీలు అక్కడ కనిపించరు.

సర్దేటప్పుడు ఇంట్లో అమ్మో అత్తయ్యో బంగినపల్లి పళ్లు పెట్టబోతారు, ఆపండి. బయటి దేశాల మామిడిపళ్లు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా ఈయూలోకి రానివ్వరు. పాలతో చేసినవి, మాంసంతో చేసినవి అసలే కుదరవు, అంటే నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే. కందిపొడి, కరివేపాకు పొడి వెంట ఉంటే రోజుకొక పూట గట్టెక్కుతుంది. ఆదివారం జర్మనీ, ఆస్ట్రియాల్లో దుకాణాలు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలోని సూపర్‌మార్కెట్లు మాత్రం తెరిచే ఉంటాయి. ఫోన్ సిమ్ కొనేటప్పుడు స్విట్జర్లాండ్ కూడా ఉందో లేదో చూడండి. ఆ దేశం షెంజెన్‌లో ఉంది, ఈయూలో లేదు. అందుకే కరెన్సీ కూడా ఫ్రాంకే.

రాత్రి రైళ్లు హోటల్ ఖర్చు తగ్గిస్తాయి. ఆస్ట్రియా రైల్వే నైట్‌జెట్ రైళ్లలో ఆడవాళ్లకే కేటాయించిన కంపార్ట్‌మెంట్లున్నాయి. 2023 డిసెంబరులో హాంబర్గ్, వియన్నా మధ్య మొదలైన కొత్త నైట్‌జెట్‌లలో ఒక్కరు పడుకునేలా తలుపున్న చిన్న గూళ్లు కూడా పెట్టారు. ఒంటరిగా తిరిగేవాళ్లను లెక్కలోకి తీసుకుని చేసిన ఏర్పాటు కాబట్టి గిరాకీ బాగా ఉంది. రాత్రి రైళ్లలో బోగీలను మధ్యదారిలో విడదీసి వేర్వేరు ఊళ్లకు పంపుతారు. కాబట్టి బోగీ నంబరు తప్పితే తెల్లారేసరికి వేరే దేశంలో ఉంటారు.

వెనిస్ నుంచి వియన్నాకు

మిలాన్ నుంచి వెనిస్‌కు హైస్పీడ్ రైల్లో రెండున్నర గంటలు. వెనిస్‌లో రెండు స్టేషన్లు. మెస్త్రే నేల మీద ఉంటుంది. సాంతా లూచియాలో దిగితే మెట్ల కిందే గ్రాండ్ కెనాల్. బస మెస్త్రేలో చౌక, మధ్య దూరం పావుగంట లోపు. రోజు మధ్యలో జనం తోసుకుంటారు. అక్కడే రాత్రి ఉంటున్నారు కాబట్టి పొద్దున ఏడుకు ముందు, రాత్రి ఎనిమిది తర్వాత తిరగండి.

వెనిస్ నుంచి వియన్నాకు రాత్రి రైలుంది. నేనైతే పగటి రైలే ఎక్కమంటాను. కారణం చివర్లో వచ్చే సెమ్మరింగ్ కనుమ. 1848లో కార్ల్ ఫాన్ గేగా ఈ 41 కిలోమీటర్ల మార్గానికి పని మొదలుపెట్టేనాటికి ఆ వాలును ఎక్కగల ఇంజిన్ లేదు, డైనమైట్ ఇంకా పుట్టలేదు. కావాల్సిన ఇంజిన్ కోసం 1851లో పోటీ పెట్టారు. 1854లో రైలు నడిచింది. 1998లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, మరుసటి ఏడాది మన డార్జిలింగ్ రైలు చేరింది.

వియన్నాలో మూడు రాత్రులుండి, అక్కడి నుంచే తిరుగు విమానం ఎక్కాలి. రాకపోకలకు ఒకే ఊరు పెట్టుకుంటే చివరి రెండు రోజులు వచ్చిన దారినే వెనక్కి వెళ్లడంలో పోతాయి. టికెట్టు కొనేటప్పుడు రానుపోను బదులు మల్టీసిటీ అని ఎంచుకుంటే రెండు వేర్వేరు ఊళ్లు పెట్టవచ్చు. బోర్డింగ్ పాస్‌లు, హోటల్ బిల్లులు పారేయకండి. మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు నిబంధనల ప్రకారం వాడుకున్న భారతీయులకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇచ్చే పద్ధతి 2024 ఏప్రిల్‌లో వచ్చింది. దాని తర్వాత ఐదేళ్లది. అది చేతిలో పడితే తర్వాతి వేసవిలో ఏ ఊరన్నది నిజంగానే స్టేషన్ బోర్డు చూసి తేల్చుకోవచ్చు.