ఒక్క ఇంట్లో నూరుమంది

1714 నుంచి 1830 వరకు బ్రిటనును, ఐర్లండును వరుసగా నలుగురు జార్జి రాజులు ఏలారు. అందుచేత ఆ కాలపు కట్టడాలకు ‘జార్జియన్’ అని పేరు వచ్చింది.

డబ్లిన్ నగరంలో, హెన్రియెట్టా వీధిలోని 14వ నెంబరు మేడ అలాంటిదే. 1740ల చివర లూక్ గార్డినర్ దానిని కట్టించాడు. వీధిలోంచి చూస్తే వట్టి ఇటుక గోడ, బారులు తీరిన కిటికీలు! సొగసంతా లోపలే. ఎత్తయిన గదులు, విశాలమైన మెట్లు. అంత మేడలోనూ ఒక ప్రభువు కుటుంబమూ, వారి నౌకర్లూ ఉండేవారు.

1801లో డబ్లిన్ పార్లమెంటు లండను పార్లమెంటులో కలిసిపోయింది. ప్రభువులు చాలామంది అటే తరలిపోయారు. 1877లో థామస్ వాన్స్ అనే యజమాని ఆ పెద్ద మెట్లను పీకించి, మేడను 19 వాటాలు చేసి అద్దెకిచ్చాడు. మెట్లేం చేశాయంటారా? మెట్లకు అద్దె రాదు గదా!

1911 జనాభా లెక్కలనాటికి అక్కడ 100 మంది కాపురమున్నారు. ప్రభువులు విందులు చేసిన గదుల్లోనే వంట, పడక, పిల్లల ఆటలు అన్నీ.

1970ల చివర ఆఖరివారు ఖాళీ చేశారు. మేడను బాగుచేసి 2018లో మ్యూజియంగా తెరిచారు. బాగుచేసినవారు తెలివైనవారు. ప్రభువుల నగిషీలతోపాటు, అద్దెవాటాలనాటి గోడలకున్న ఎరుపునూ, నీలిమందు రంగునూ కూడా చెరపకుండా ఉంచారు.