పచ్చజ్వరపు టీకా – విదేశయాత్రికులు తెలిసికొనవలసిన విషయములు

చదువులకును, ఉద్యోగములకును మన పల్లెలనుండి విదేశములకు పోవువారు నేడు పెక్కుమంది కలరు. కెన్యా, ఉగాండా, నైజీరియా వంటి దేశములకు బయలుదేరు యువకుని, పాస్‌పోర్టు వచ్చినదా, టిక్కెట్టు కొన్నావా అని అందరును అడుగుదురు. పచ్చజ్వరపు టీకా వేయించుకొంటివా అని అడుగువారు అరుదు. ఆ పత్రము లేనిచో ప్రయాణమే నిలిచిపోవచ్చును.

ఎల్లో ఫీవర్ అనబడు ఈ పచ్చజ్వరము మనమెరిగిన పచ్చకామెర్లు కాదు. ఇది ఆఫ్రికాలోను, మధ్య, దక్షిణ అమెరికాలలోను గల వైరస్ వ్యాధి. దోమకాటువలన వ్యాపించును. కాటుపడిన 3 మొదలు 6 దినములలో జ్వరము, తలనొప్పి, వాంతులు పొడసూపును. కొందరికి వ్యాధి ముదిరి కన్నులు పచ్చబడి, రక్తస్రావము కలుగును. అట్టివారిలో ఇంచుమించు సగముమంది మరణింతురు. దీనిని కుదుర్చు ప్రత్యేకౌషధము లేదు.

మన దేశమున ఈ వ్యాధి లేదు. మరి ఇంత కట్టుదిట్టమేల? దీనిని మోయు ఈడిస్ దోమ మన ఇండ్లలోనే కలదు. డెంగీని వ్యాపింపజేయునదియు అదియే. గడ్డివామి చెంతకు నిప్పురవ్వను రానీయము గదా! అందుచేతనే, వ్యాధిగల దేశమును విడిచిన 6 దినములలోపల టీకాపత్రము లేక ఇచటికి వచ్చినవారిని, విదేశీయులైనను, భారతీయులైనను, 6 దినములవరకు వేరుగా ఉంచుదురు. పసిశిశువులకు ఈ నిబంధన లేదు.

ఈ టీకాను 1937లో మాక్స్ థైలర్ రూపొందించెను. ఆయనకు 1951లో నోబెల్ బహుమానము లభించినది. ఒక్క మోతాదు చాలును. టీకా వేసిన 10 దినముల తరువాతనే పత్రము చెల్లును గనుక ప్రయాణమునకు చాలినంత ముందుగా వేయించుకొనవలెను. పూర్వము పత్రము 10 సంవత్సరములే చెల్లెడిది. 2016 జూలై 11 నుండి అది జీవితాంతము చెల్లుచున్నది. పాత పత్రములకును ఇదియే వర్తించును.

కేంద్ర ప్రభుత్వము గుర్తించిన కేంద్రములలో వేసిన టీకాయే చెల్లును. హైదరాబాదులో నారాయణగూడయందలి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖపట్టణములో పోర్టు ఆరోగ్య సంస్థ అట్టివి. ఒక సీసాలోని మందు పలువురకు సరిపడును. కలిపిన కొలది గంటలలోనే వాడవలెను. కావున టీకా వేయు దినమును ముందు విచారించుకొని, పాస్‌పోర్టుతో వెళ్లవలెను. గర్భిణులు, గ్రుడ్డు సరిపడనివారు, రోగనిరోధకశక్తి తగ్గినవారు, 60 సంవత్సరములు దాటినవారు తమ స్థితిని వైద్యునికి ముందే తెలుపవలెను. తొమ్మిది నెలలు నిండని శిశువులకు సాధారణముగా ఈ టీకా వేయరు.

టీకా లేకయే పత్రము తెచ్చియిచ్చెదమను దళారులను నమ్మరాదు. దొంగపత్రము దోమకాటునుండి కాపాడలేదు.

పంచాయతీ సభ్యులు ఈ విషయములను గ్రామసభలో చదివి వినిపింపవలెను. విదేశమునకు పోవువారి ఇంటివారికి ముందుగా తెలుపవలెను. తొట్లలోను, పాతటైర్లలోను నీరు నిలువకుండ చూచుటయు మన బాధ్యతయే. యాత్రికునికి టీకా, ఊరికి పరిశుభ్రత – ఈ రెండును కలిసినప్పుడే రక్షణ సంపూర్ణమగును.