ఇంట్లో మూడు భాషలు, కుక్కకు ఒక్కటే మాట

తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు కుక్కను పెంచే మన తెలుగు ఇళ్ళలో ఒక సంగతి తరచూ కనిపిస్తుంది. దాన్ని ఆపాలంటే అవ్వ "ఉండు" అంటుంది. బడికి పోయే మనవడు "స్టే" అంటాడు. పాలు పోసే ఆయన, పక్కింటివాళ్ళు "ఇరు" అంటారు. ఇంతమంది చెప్పినా గేటు తెరవగానే అది వీధిలోకి దూకుతుంది. చివరికి "మాట వినని కుక్క" అని పేరు పడుతుంది. నిజానికి దానికి ఫలానా మాట వినాలని ఎవరూ నేర్పలేదు.

ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. చెన్నై–తిరుపతి రోడ్డు మన రెండు ఊళ్ళ మీదుగానే పోతుంది. ఆడికృత్తికకు తిరుత్తణి వీధుల నిండా కావళ్ళు మోసే భక్తులు ఉంటారు. అమావాస్యకు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి గుడికి జనం వస్తారు. అలాంటి వేళ కుక్క గేటు దాటి పరుగెత్తితే బండి కింద పడవచ్చు, లేదా దారినపోయే పిల్లవాణ్ణి కరవవచ్చు. కరవకపోయినా, మీదికి ఉరికిందంటే చాలు, ఏళ్ళ తరబడి కలిసిమెలిసి ఉన్న పక్కింటితో మాట పడిపోతుంది. చెప్పిన చోట నిలబడడం కుక్కకు నేర్పితే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది.

ముందు మాట కుదుర్చుకుందాం

కుక్కకు మాట అర్థంతో పని లేదు. ఒక శబ్దం వినిపించింది, దాని తర్వాత ఫలానాది జరిగింది అన్న ముడినే అది గుర్తుపెట్టుకుంటుంది. శబ్దం మారితే ముడి విడిపోతుంది. అమెరికాలో జాన్ పిల్లీ అనే ఆచార్యుడు ఛేజర్ అనే కుక్కకు 1,022 బొమ్మల పేర్లు నేర్పిన వివరాలు 2011లో వెలువడ్డాయి. అక్కడ ఒక్కో బొమ్మకు దానిదే అయిన ఒక పేరు.

మనలాంటి రెండు భాషల ఇళ్ళకు పనికొచ్చే పరిశోధన ఇంకొకటి ఉంది. లారా క్వాయా అనే శాస్త్రవేత్త మెక్సికో నుంచి హంగేరీకి మారినప్పుడు తన కుక్కను వెంట తీసుకెళ్ళారు. చుట్టూ భాష మారిన సంగతి దానికి తెలుస్తుందా అన్న సందేహం ఆమెకు కలిగింది. ఆమె బృందం 18 కుక్కలకు స్పానిష్, హంగేరియన్ భాషలు వినిపించి, స్కానర్‌లో వాటి మెదడును పరిశీలించింది. తెలిసిన భాషకు ఒక విధంగా, తెలియని భాషకు మరో విధంగా మెదడు స్పందించిందని 2022లో ప్రచురించారు. అంటే భాషల తేడా కుక్క చెవికి అందుతుంది. "ఉండు", "ఇరు", "స్టే" దానికి ఒకే పాఠం కావు, మూడు వేర్వేరు పాఠాలు.

మరి ఏ మాట ఎంచుకోవాలి? "ఉండు"తో ఒక చిక్కు ఉంది. "ఉండు, వస్తున్నా", "కాసేపు ఉండు" అని రోజంతా మనలో మనం అంటూనే ఉంటాం. తమిళంలో "ఉంది" అని చెప్పే మాట కూడా దాదాపు ఇలాగే వినిపిస్తుంది. ఊరికే చెవిన పడే మాటను కుక్క పట్టించుకోవడం మానేస్తుంది.

మేం సూచించే మాట "నిలు". తమిళంలో "నిల్లు" అంటారు కాబట్టి అవ్వ నోటా పలుకుతుంది, పక్కింటివాళ్ళ నోటా పలుకుతుంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. అంతకుముందూ ఆ తర్వాతా మన వీధుల్లో రెండు భాషలూ కలిసే నడిచాయి. రెండింటికీ చెందిన మాట ఉండగా వేరేది వెతకడం ఎందుకు? అయితే "నిలు" అనాలో "నిల్లు" అనాలో కూడా ముందే తేల్చుకుని, అందరూ ఒకే తీరుగా పలకాలి. కూర్చున్న కుక్కను నిలు అనడమేమిటని పెద్దవాళ్ళు నవ్వవచ్చు. కుక్కకు ఆ పట్టింపు లేదు.

ఇక కదలవచ్చు అని చెప్పడానికీ ఒక మాట కావాలి. "సరి" అనేది ఇంట్లో రోజంతా వినిపిస్తుంది కాబట్టి అది వద్దు. మన వైపు మాటల్లో అంతగా దొర్లని "చలో" బాగుంటుంది.

నేర్పే తీరు

పొద్దున్నే ఎండెక్కకముందు, తిండి పెట్టేముందు, సందడి లేని గదిలో మొదలుపెట్టాలి. ఉడికించిన కోడిమాంసమో గుడ్డో, మాంసం వండని ఇంట్లో పనీరో క్యారెట్టో చిన్న ముక్కలు చేసి పెట్టుకోవాలి. ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం.

కుక్కను కూర్చోబెట్టి, అరచేయి దాని వైపు చూపి, "నిలు" అని ఒక్కసారే అనాలి. ఒక్క క్షణం ఆగి, కదలకుంటే కూర్చున్న చోటే నోటికి ముక్క అందించాలి. ఆ తర్వాతే "చలో" అనాలి. లేచి వచ్చాక ముక్క పెడితే, లేచి రావడమే పని అనుకుంటుంది. ఐదు నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు చాలు.

తర్వాత మూడు మెట్లు. మొదట సమయం: ఒక క్షణం నుంచి మూడు, ఐదు, పది, అర నిమిషం. రెండోది దూరం: ఒక అడుగు వెనక్కి, తర్వాత రెండు, ఆపైన గది అవతలికి. ప్రతిసారీ మనమే దాని దగ్గరికి తిరిగి వెళ్ళి ముక్క ఇవ్వాలి. మూడోది సందడి: పిల్లలు అటూ ఇటూ నడవడం, బంతి దొర్లడం, కాలింగ్ బెల్ మోగడం. ఒక మెట్టు పెంచేటప్పుడు మిగతా రెండూ తగ్గించాలి. వరుసగా రెండుసార్లు తప్పితే కుక్క మొండిదని కాదు, మనం తొందరపడ్డామని అర్థం. ఒక మెట్టు దిగాలి.

గేటు దగ్గర

ఇంటి లోపల కుదిరాకే గేటు దగ్గరికి రావాలి. మెడకు పట్టీ, చేతిలో తాడు తప్పనిసరి. "నిలు" అని గేటును బెత్తెడు తెరవాలి. కుక్క కదిలితే అరవకుండా గేటు మూసేయాలి. ఆగితేనే గేటు తెరుచుకుంటుందని అదే తెలుసుకుంటుంది. తిరునాళ్ళ రోజున మాత్రం ఈ పరీక్ష పెట్టవద్దు.

"నిలు, నిలు, నిలు" అని జపం చేస్తే మొదటిసారి వినక్కర్లేదని కుక్క నేర్చుకుంటుంది. కొడితే ఆగడం కాదు, మననుంచి పారిపోవడం నేర్చుకుంటుంది. బయటికి పరుగెత్తి తిరిగొచ్చిన కుక్కను శిక్షిస్తే మరోసారి తిరిగి రాదు.

బాగా నేర్చిన కుక్క కూడా దీపావళి టపాకాయలకు బెదిరితే మాట వినదు. ఆ రోజుల్లో లోపలి గదిలో ఉంచడమే మేలు. ఇక రేబీస్ టీకా, ఎంత బుద్ధిమంతమైన కుక్కకైనా క్రమం తప్పకుండా వేయించాల్సిందే.

ఈ సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని ఆ రెండు మాటలూ తేల్చుకోండి. తెలుగులో, తమిళంలో ఒక కాగితం మీద రాసి గేటు లోపలి వైపు అంటించండి. పాలు పోసే ఆయనకూ చెప్పండి. ఆ తర్వాత ఎవరి నోటా మూడో మాట రాకుండా చూసుకోండి.