మీకు తెలుసా? షాఫ్టును తాకని సీలు

కారు పవర్ స్టీరింగ్ పంపులో షాఫ్టును చుట్టి బిగిసియున్న రబ్బరు సీలు, పంపు తిరుగుచున్నంతసేపును షాఫ్టును దాదాపుగా తాకనే తాకదు. సుమారు 1 మైక్రాను మందముగల నూనెపొరపై దాని పెదవి తేలుచుండును.

అంతకంటె అబ్బురమైనది ఆ పెదవి రూపము. నూనెవైపు వాలు నిటారుగాను, గాలివైపు వాలు చదునుగాను ఉండుటచేత, బయటికి జారజూచు నూనెను ఆ పెదవియే మరల లోనికి తోయుచుండును. కావుననే పంపును విప్పి మరల కూర్చునపుడు, సన్నని స్ప్రింగు చుట్ట కనబడు ముఖమును నూనెవైపునకే త్రిప్పి అమర్చవలెను. తలక్రిందుగా అమర్చినచో, ఎంత మేలైన క్రొత్త సీలైనను నూనెను బయటికే తోడిపోయును.

పొడిగా ఎక్కించిన పెదవి మొదటి కొలది క్షణములలోనే కాలి గట్టిపడగలదు గనుక, పంపులో పోయు నూనెనే దానికి ముందుగా పూయవలెను. కొన్ని షాఫ్టుల కొనను కీ బిగించు గాడి యుండును. దాని అంచు కత్తివలె పెదవిని కోయును. పలుచని ప్లాస్టిక్ కాగితమును దానిపై చుట్టి, సీలును మెల్లగా జార్చి, వెలి అంచు నంతటను సమముగా అదుము గొట్టముతో వంకర లేకుండ దింపుట ఉత్తమము.

ఇంతకును ముందు షాఫ్టుపై గోరు నడిపి చూడవలయును: పాత సీలు రాపిడికి పడిన గాడి గోటికి తగిలినచో, క్రొత్త సీలు అచట నిలువదు. దానిని గరుకు కాగితముతో ఏటవాలుగా రుద్దుటయు కీడే. అట్లు రుద్దగా పడు మరచుట్టు గీతలు, తమ వాలునుబట్టి, నూనెను వెలికి నడిపింపగలవు.