పాత బీరువాకు కొత్త రూపం: రంగు గీకే ముందు ఏం చూసుకోవాలి?

దక్షిణ ఢిల్లీలోని మునిర్కాలో జేఎన్‌యూ, ఐఐటీల్లో చదివేవారు, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారు చాలామంది అద్దెకు ఉంటారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. గదులు ఖాళీ చేసే సమయంలో పాత చెక్క బీరువాలు చవగ్గా చేతులు మారుతుంటాయి. ఇంకాస్త మంచి చెక్క కావాలనుకునేవారు అమర్ కాలనీ, కీర్తి నగర్ ఫర్నిచర్ మార్కెట్ల దాకా వెళ్తారు.

అలాంటి బీరువాకు అద్దాల తలుపులు పెట్టించి, తాతగారి హెచ్‌ఎంటీ వాచీ, ఊరి నుంచి తెచ్చుకున్న మరచెంబు, పాత 'చందమామ'లు, కొండపల్లి బొమ్మలు అందులో సర్దుకోవాలని చాలామందికి ఉంటుంది. అయితే ఏ రంగు వేయాలన్నది తర్వాతి మాట. పాత రంగులో సీసం ఉందా, చెక్కలో పురుగు ఉందా, వస్తువులు అందులో పాడవకుండా ఉంటాయా అన్నవి ముందు చూసుకోవాలి.

పాత రంగుతో ప్రమాదం ఏమిటి?

ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది. అవి 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. కంటితో చూసి అది చెప్పలేం. అందుకే రంగు ఎప్పుడు వేశారో తెలియకపోతే సీసం ఉందనే అనుకుని పని చేయడం మంచిది.

రంగు గట్టిగా అంటుకుని ఉన్నంతవరకు ముప్పు తక్కువ. ఉప్పు కాగితంతో పొడిగా రుద్దినప్పుడు, వేడిగాలితో ఊడదీసినప్పుడు ఆ సీసం దుమ్ముగా, పొగగా గాలిలో కలుస్తుంది. శరీరంలోకి ఎంత సీసం చేరినా సురక్షితమని చెప్పగల స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలపై దాని ప్రభావం ఎక్కువ. ఒకే కిటికీ ఉన్న గదిలోనో, పక్కింటి పిల్లలు ఆడుకునే డాబా మీదో ఈ పని చేస్తే ఆ దుమ్ము మనకొక్కరికే పరిమితం కాదు.

పాత రంగు పెచ్చులు ఊడకుండా ఉంటే దాన్ని తీసేయాల్సిన పని లేదు. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక, వాటర్‌ప్రూఫ్ ఉప్పు కాగితాన్ని తడిపి పైపైన రుద్ది, ప్రైమర్ వేసి కొత్త రంగు పూయొచ్చు. కింద ప్లాస్టిక్ షీటు పరవాలి. కనీసం ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. పని అయ్యాక చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి. తలుపు అంచులు, సొరుగులు ఒరుసుకునే చోట రంగు రోజూ అరుగుతూ దుమ్ము రాలుతుంది కాబట్టి, ముందు వడ్రంగితో వాటి బిగువు తగ్గించుకోవాలి. రంగు అంతటా పెచ్చులుగా రాలుతుంటే ఆ బీరువా కొనకపోవడమే మేలు.

చెక్కను ఎలా పరీక్షించాలి?

బీరువా వెనుక, కాళ్ల అడుగున చూడండి. మట్టి గీతలుంటే చెదలు. గుండుసూది తలంత రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి ఉంటే పుచ్చు పురుగు. పాత రంధ్రాలో, పురుగు ఇంకా ఉందో తేల్చుకోవడానికి కింద నల్ల కాగితం పరిచి వారం రోజులు ఆగండి. దాని మీద మళ్లీ పొడి రాలితే లోపల పురుగు బతికే ఉంది. మందు పని పూర్తయ్యేదాకా అందులో పుస్తకాలు పెట్టకూడదు.

ఢిల్లీలో మే నెల పొడిగాలికి చెక్క కుంచించుకుపోతుంది. ఆగస్టు తేమకు ఉబ్బుతుంది. అందుకే అద్దాన్ని చట్రంలో మరీ బిగించకుండా కొంచెం సందు వదలమని వడ్రంగికి చెప్పాలి.

లోపల ఏం పరవాలి?

అరల్లో వార్తాపత్రిక పరవడం మన ఇళ్లలో అలవాటు. న్యూస్‌ప్రింట్‌లో ఆమ్లం ఉంటుంది. దానికి ఆనుకుని ఉన్న పాత పుస్తకాలు త్వరగా పచ్చబడతాయి. ఆమ్లం లేని కాగితం వాడొచ్చు. వెండి వస్తువుల కింద ఉన్ని గుడ్డ, రబ్బరు వేస్తే వాటిలోని గంధకం వల్ల వెండి నల్లబడుతుంది. ఉతికిన నూలు గుడ్డ చాలు.

కొత్త రంగు, ప్లైవుడ్ నుంచి వచ్చే ఆవిర్లు మూసిన బీరువాలో నిలిచిపోతాయి. రంగు వేశాక కొన్ని వారాలు తలుపులు తెరిచి ఉంచి, వాసన పూర్తిగా పోయాకే వస్తువులు సర్దాలి. ఇత్తడిని తరచూ చింతపండుతో తోమితే చెక్కడాలు అరిగిపోతాయి. కొండపల్లి బొమ్మలకు తడి తగలనీయకుండా మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి.

వెలుతురు ఎంత ఉండాలి?

కాగితం, బట్ట ఉన్నచోట వెలుతురు సుమారు 50 లక్స్ మించకుండా మ్యూజియంలు చూసుకుంటాయి. వెలుతురు చేసే నష్టం రోజురోజుకూ పోగవుతుంది, వెలిసిన రంగు తిరిగి రాదు. లోపల చిన్న ఎల్ఈడీ దీపం పెట్టుకున్నా, చూసేటప్పుడే వేసుకోవాలి.

మునిర్కా ఇరుకు సందుల్లో ఎండ తక్కువ కాబట్టి ఆ బెడద కొంత తగ్గుతుంది. కానీ గోడల చెమ్మ ఉంటుంది. బీరువాకు, గోడకు మధ్య రెండంగుళాల ఖాళీ వదలండి. బరువైన ఇత్తడి సామాను కింది అరలో పెట్టి, పైభాగాన్ని ఎల్ ఆకారపు బిగింపుతో గోడకు పట్టించండి. 2025 ఫిబ్రవరి 17న తెల్లవారుజామున ఢిల్లీని కుదిపిన 4.0 తీవ్రత భూకంపానికి కేంద్రం ధౌలా కువాన్. మునిర్కా నుంచి అది కొద్ది కిలోమీటర్ల దూరమే.

వందేళ్లు దాటిన వస్తువు ఉంటే?

1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. వందేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, కళాకృతుల వంటివి దీని కిందకు వస్తాయి. సాహిత్య, చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకు 75 ఏళ్లు చాలు. వీటిలో కొన్ని రకాలను పురావస్తు శాఖ అధికారుల దగ్గర నమోదు చేయించాలి. లైసెన్సు లేకుండా వీటి వ్యాపారం చేయకూడదు. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. విదేశాల్లో ఉన్న బంధువులకు కానుకగా పంపాలనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. దంతపు వస్తువులైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. వాటిని బజారులో కొనకపోవడమే క్షేమం.

వాచీలు, రేడియోలు, పాత పత్రికలు చాలావరకు ఈ చట్టం పరిధిలోకి రావు. వాటి విషయంలో చేయాల్సింది ఒక్కటే. అది ఎవరిది, ఏ ఊరిది, ఏ ఏడాదిది అన్నది చిన్న చీటీ మీద పెన్సిల్‌తో రాసి పక్కన పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకునే వీలున్నప్పుడే ఆ పని పూర్తిచేయాలి.