ప్రొఫైల్ వ్యాసం: ఎవరిని ఎంచుకోవాలి, ఎలా రాయాలి?

ఏటా గణతంత్ర దినోత్సవానికి ముందురోజు పద్మ పురస్కారాల జాబితా వెలువడుతుంది. మరునాటి పత్రికల్లో అంతవరకు అంతగా తెలియని కళాకారులు, రైతులు, సేవకుల పరిచయ కథనాలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు ఒకే మూసలో సాగుతాయి: పేద కుటుంబం, కష్టాలు, పట్టుదల, చివరకు గుర్తింపు. పేరు మారిస్తే ఒకరి కథనం మరొకరికి సరిపోతుంది. వ్యక్తి గురించిన వ్యాసంలో ఆ వ్యక్తే కనిపించకపోవడం ఈ ప్రక్రియలో తరచుగా ఎదురయ్యే లోపం.

జీవితచరిత్ర వేరు, ప్రొఫైల్ వేరు

జీవితచరిత్ర పుట్టుక నుంచి చివరి వరకు నడుస్తుంది. ప్రొఫైల్‌కు అంత విస్తృతి అవసరం లేదు. ఒక మనిషి ఫలానా పనిని ఎందుకు ఎంచుకున్నారు, దానికి ఏం మూల్యం చెల్లించారు అనే ప్రశ్న చుట్టూ అది అల్లుకుంటుంది. ఆ ప్రశ్నకు సంబంధం లేని సంఘటన ఎంత ఆసక్తికరమైనదైనా పక్కన పెట్టవలసిందే.

ఎంపికకు కొలమానం

ప్రసిద్ధి ఒక్కటే అర్హత కాదు. ఆ వ్యక్తి చేసే పనిని దగ్గరగా చూసే వీలుందా, చుట్టూ ఉన్నవారు మాట్లాడతారా, పాఠకుడికి కొత్తగా తెలిసేది ఏమైనా ఉందా అన్నవి ముందుగా తేల్చుకోవాలి.

చేనేత రంగానికి చెందిన చింతకింది మల్లేశం జీవితం ఇందుకు చక్కని ఉదాహరణ. పోచంపల్లి తరహా చీరల నేతలో రంగులు అద్దడానికి ముందు ‘ఆసు’ పోయాలి. అర్ధవృత్తాకారంగా అమర్చిన మేకుల చుట్టూ దారాన్ని తిప్పే ఈ పనిని ఎక్కువగా స్త్రీలే చేసేవారు. ఒక్క చీరకు చేతిని వేల సార్లు ఆడించాలి. అందుకు నాలుగైదు గంటలు పట్టేది. తల్లి లక్ష్మి భుజాల నొప్పిని చూడలేక, ఆరో తరగతితోనే చదువు ఆపేసిన మల్లేశం ఏళ్ల తరబడి శ్రమించి 1999లో యంత్రాన్ని రూపొందించారు. దానికి తల్లి పేరే పెట్టారు. సుమారు గంటన్నరలో పని పూర్తయ్యే వీలు కలిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

పద్మశ్రీతో మొదలుపెడితే వ్యాసం ఫలితాన్ని మాత్రమే చెబుతుంది. తల్లి భుజంతో మొదలుపెడితే కారణాన్ని చూపుతుంది.

ఎవరితో మాట్లాడాలి?

అమెరికన్ రచయిత గే తలీస్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రాపై రాసిన వ్యాసం 1966లో ‘ఎస్క్వైర్’ పత్రికలో వెలువడింది. సినాట్రా ఇంటర్వ్యూ ఇవ్వలేదు. తలీస్ ఆయన చుట్టూ ఉన్నవారితో మాట్లాడి, దూరం నుంచి గమనించి రాశారు. పొరుగువారు, సహచరులు, విభేదించేవారు చెప్పే మాటలు వ్యక్తి స్వయంగా చెప్పినదాన్ని సరిచూడటానికి ఉపకరిస్తాయి.

ప్రశ్నలు కూడా నిర్దిష్టంగా ఉండాలి. ‘మీకు స్ఫూర్తి ఎవరు?’ అంటే అలవాటైన జవాబే వస్తుంది. ‘మొదటి యంత్రం పని చేయని రోజు ఇంట్లో ఎవరేమన్నారు?’ అంటే జ్ఞాపకం కదులుతుంది.

అంకెలు, గౌరవం

2025 ఏప్రిల్‌లో కన్నుమూసిన ‘వనజీవి’ రామయ్య కోటికి పైగా మొక్కలు నాటారని ప్రసిద్ధి. ఇటువంటి సంఖ్యను రాసేటప్పుడు అది ఎవరి అంచనానో చెప్పడం రచయిత బాధ్యత. మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న పలకతో ఊరూరా తిరిగిన మనిషి రూపం, నేటికీ నిలిచి ఉన్న చెట్లు ఆ అంకె కంటే బలంగా మాట్లాడతాయి. అంకెను ప్రశ్నించడం ఆయన సేవను తగ్గించడం కాదు, నమ్మదగినదిగా నిలపడం.

వ్యాసం వెలువడిన తరువాత రచయిత మరో పనిలోకి వెళ్లిపోతారు. ఆ వ్యక్తి మాత్రం అదే ఊరిలో, అదే ఇరుగుపొరుగు మధ్య బతకాలి. అప్పులు, అనారోగ్యం, కుటుంబ కలహాల వంటివి రాసే ముందు అవి వ్యాసానికి నిజంగా అవసరమా అని ఆలోచించాలి. అవి అచ్చయితే ఏమవుతుందో ఆ వ్యక్తికి వివరించాలి. పేదరికాన్ని పెంచి చూపితే పాఠకుడి జాలి దక్కవచ్చు, ఆ మనిషి గౌరవం మాత్రం దెబ్బతింటుంది. ప్రముఖులకు ఖండన ప్రకటన ఇచ్చే యంత్రాంగం ఉంటుంది. సామాన్యుడికి అటువంటి అండ ఉండదు. అందుకే సామాన్యుడి గురించి రాసేటప్పుడే ప్రతి వాక్యాన్నీ మరింత జాగ్రత్తగా సరిచూసుకోవాలి.