కంప్యూటరు తెలుగులో బదులిచ్చేదెలా?

భిలాయి సెక్టర్ 2లో ఒక తెలుగు ఇంటిని ఊహించుకోండి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో మొదలైన ఉక్కు కర్మాగారంలో పనికోసం దేశం నలుమూలల నుంచీ జనం ఈ ఊరికి వచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. మన ఊహలోని ఇంట్లో అమ్మమ్మకు తెలుగు చదవడమే వచ్చు. మనవడు బడిలో హిందీ, ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడు. ఇద్దరికీ ఉన్నది ఒకే కంప్యూటరు. సీ భాషలో రాసిన ఒకే ప్రోగ్రాము ఆమెకు తెలుగులో, అతనికి హిందీలో ఎలా బదులిస్తుంది?

భాషకొక ప్రోగ్రాము రాస్తే, ఒక్క తప్పు దొరికినా అన్నింటినీ దిద్దాలి. అందుకని సందేశాలను ప్రోగ్రాము నుంచి విడదీసి వేరే ఫైళ్లలో ఉంచుతారు. పాత ‘క్యాట్‌గెట్స్’ పద్ధతిలో ప్రతి సందేశానికీ ఒక నంబరు ఉండేది. 47వ సందేశం ఏమిటో ప్రోగ్రాము చదివేవారికి ఎలా తెలుస్తుంది? 1995లో వెలువడిన గ్నూ ‘గెట్‌టెక్స్ట్’లో ఈ చిక్కు లేదు. ఇంగ్లీషు వాక్యమే అక్కడ తాళంచెవి. అనువాదకులు దాని కింద తెలుగు వాక్యం రాస్తారు. ఆ ఫైలును యంత్రానికి అనువైన రూపంలోకి మార్చినప్పుడు ఇంగ్లీషు వాక్యాలు అక్షర క్రమంలో అమరుతాయి. నిఘంటువును మధ్యకు తెరిచి, ఇటో అటో సగం వదిలేసినట్టు వెతికితే, వెయ్యి సందేశాలున్నా పది పోలికలు చాలు.

ప్రోగ్రాము మొదట్లో మూడు పనులు జరగాలి. ‘సెట్‌లొకేల్’ వాడేవారి భాష ఏదో తెలుసుకుంటుంది. ‘బైండ్‌టెక్స్ట్‌డొమైన్’ సందేశాల ఫైళ్లు ఏ డైరెక్టరీలో ఉన్నాయో చెబుతుంది. ‘టెక్స్ట్‌డొమైన్’ వాటిలో మన ప్రోగ్రాము ఫైలు పేరేమిటో చెబుతుంది. ఇక్కడే చాలామంది తికమకపడతారు. కంప్యూటరులో తెలుగు లొకేల్ లేకపోతే మొదటి పని విఫలమవుతుంది, కానీ ప్రోగ్రాము ఆగదు, ఫిర్యాదూ చేయదు. చక్కగా ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది! తెలుగు ఫైలులో తప్పు వెతుకుతూ కూర్చోకండి. ముందు సెట్‌లొకేల్ ఏం తిరిగిచ్చిందో చూడండి. సున్నా పాయింటరు వస్తే కారణం దొరికినట్టే.

లొకేల్ సరిగ్గా ఉంటే మరో సౌకర్యం ఉంది. ‘ముందు తెలుగు, తర్వాత హిందీ’ అని వరుస ఇవ్వవచ్చు. తెలుగు లేని సందేశం హిందీలో వస్తుంది, అదీ లేకపోతే ఇంగ్లీషులో. భిలాయి ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి!

అయితే ఫైలు దొరికినంత మాత్రాన తెలుగు కుదరదు. ‘కాపీడ్ 3 ఫైల్స్ టు సాంగ్స్’ అనే సందేశాన్ని చూడండి. ఇంగ్లీషులో సంఖ్య ముందు, ఫోల్డరు పేరు తర్వాత. తెలుగులో ‘సాంగ్స్ ఫోల్డరులోకి 3 ఫైళ్లు కాపీ అయ్యాయి’ అంటాం. వరుస తిరగబడింది, క్రియ చివరికి పోయింది. ప్రోగ్రామరు ఈ వాక్యాన్ని ముక్కలు చేసి అతికించి ఉంటే ఏ అనువాదకుడూ దాన్ని బాగుచేయలేడు. వాక్యం మొత్తాన్ని ఒకే సందేశంగా ఇవ్వాలి. అప్పుడు విలువల గుర్తులకు 1, 2 అని అంకెలు చేర్చి అనువాదకుడు వాటి చోట్లు మార్చుకుంటాడు. ఒక్క ఫైలే అయితే ‘కాపీ అయింది’ అనాలి కదా, ఏకవచనానికీ బహువచనానికీ ‘ఎన్‌గెట్‌టెక్స్ట్’ అనే వేరే ఫంక్షను ఉంది.

ఈ గుర్తుల విషయంలో జాగ్రత్త అవసరం. సంఖ్య రావలసిన చోట అనువాదకుడు పొరపాటున మాటల గుర్తు పెడితే, ప్రోగ్రాము ఆ సంఖ్యను మెమరీ చిరునామాగా భావించి, అక్కడ అక్షరాల కోసం వెతికి కుప్పకూలవచ్చు. అది తెలుగులో వాడేవారికి మాత్రమే జరుగుతుంది. ఇంగ్లీషులో పరీక్షించినవారికి కనిపించనే కనిపించదు. అందుకే ఫైలును మార్చే ‘ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ’ సాధనంలో ఈ గుర్తులను సరిపోల్చే తనిఖీ ఉంది, కానీ అది తనంత తాను జరగదు, మనం అడగాలి.